రంగం నుంచి ఫార్మింగ్టన్ దాకా... ఓ కాగితాల కథ

ఇవాళ మా అచ్యుతాపురం వైపు కుర్రాళ్ళు అమెరికా వెళ్తున్నట్టే, వందేళ్ళ క్రితం ఉత్తరాంధ్ర జనం రంగం వెళ్ళేవాళ్ళు. రంగం అంటే బర్మాలోని రంగూన్. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. అక్కడివాళ్ళు మనవాళ్ళని కోరంగీలు అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద.

1948లో బర్మాకి స్వాతంత్ర్యం వచ్చింది. దరఖాస్తు పెట్టుకుని పౌరసత్వం పొందే వీలు చట్టంలో ఉంది. చాలామంది పెట్టుకోలేదు, పెట్టినవాళ్ళలోనూ చాలామందికి రాలేదు. విదేశీయుల రిజిస్ట్రేషన్ కాగితంతోనే ఏళ్ళు గడిపేశారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, మేలో 50, 100 క్యాట్ నోట్లు రద్దు చేశారు. ఆ దశకంలో సుమారు 3 లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చేశారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది చూడండి, అది ఆ కథే!

అరవై ఏళ్ళు గడిచాయి, మూటలు పోయి లాప్‌టాప్‌లు వచ్చాయి. కాగితం కష్టం మాత్రం అలాగే ఉంది. 2011లో కాలిఫోర్నియా ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డాక మన పిల్లల్లో కొందరి కాళ్ళకి రేడియో పట్టీలు తగిలించారు. 2019లో మిచిగన్ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుట్టు బయటపడింది. అది అధికారులే పెట్టిన ఉత్తుత్తి కాలేజీ! మొదటి విడతలో పట్టుబడ్డ 130 మందిలో 129 మంది భారతీయులు. ఫీజుల విషయంలో ఓ విద్యార్థి ప్రభుత్వం మీదే కేసు వేస్తే, అది విచారణకి నిలుస్తుందని 2024లో అప్పీల్ కోర్టు చెప్పింది. అంటే పౌరుడు కానివాడికీ హక్కులున్నాయన్నమాట.

అక్కడ మౌనంగా ఉండే హక్కు ఉంది. తలుపు తట్టినవాళ్ళని, వారంటు మీద జడ్జి సంతకం ఉందా అని అడగొచ్చు. లాయర్ని పెట్టుకోవచ్చు, ఖర్చు మాత్రం మనదే. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం మన కాన్సులేట్‌కి కబురు పెట్టమని కోరవచ్చు.

అయితే ఈ హక్కులు ఇంట్లోవాళ్ళకి తెలియకపోతే ఏం లాభం? పాస్‌పోర్టు, ఐ-94, ఐ-797 నకళ్ళు భార్యాభర్తలిద్దరి దగ్గరా, ఊళ్ళో అమ్మానాన్నల దగ్గరా ఉండాలి. లాయరు నంబరు కంఠస్థం రావాలి. ఏ-నంబరు ఉంటే రాసి పెట్టండి, మనిషిని ఎక్కడ ఉంచారో వెతకడానికి పనికొస్తుంది. ఇద్దర్నీ తీసుకుపోతే స్కూలు నుంచి పిల్లల్ని ఎవరు తెస్తారో ముందే అనుకుని, లాయరుతో కాగితం రాయించుకోండి.

సర్వర్‌కి బ్యాకప్ లేకుండా ఒక్క రాత్రి నిద్రపోని మనం, కుటుంబానికి బ్యాకప్ లేకుండా ఏళ్ళకేళ్ళు ఎలా ఉంటున్నామండీ?