ఇన్సులిన్ వాడేవారిలో షుగర్ పడిపోవడం: నల్లగొండ, పాలమూరు ప్రాంతం

రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గిన స్థితిని వైద్యులు హైపోగ్లైసీమియా అంటారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) పల్లెల్లో దీన్నే షుగర్ డౌనైందంటారు. 54 కంటే దిగితే ప్రమాదం. మీటర్లో అంకె ఎంతున్నా సరే, మనిషి తనంతట తాను తేరుకోలేక పక్కవాళ్ల సాయం అవసరమైతే అది తీవ్రస్థాయి కిందికి వస్తుంది. షుగర్ జబ్బు రక్తంలో చక్కెరను పెంచేదే తప్ప తగ్గించేది కాదు; పడగొట్టేది మందు. అందులో ఇన్సులిన్‌ది మొదటి స్థానం. గ్లైబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలది ఆ తర్వాతి స్థానం.

షుగర్ పడిపోవడం ఇన్సులిన్‌తో పాటే పుట్టిన సమస్య. 1922లో టొరంటోలో ఆ మందును తొలిసారి మనుషులకు ఇస్తున్న రోజుల్లోనే, మోతాదు మించి ఇచ్చిన కుందేళ్లు గిలగిలా కొట్టుకుని పడిపోవడం, గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చోవడం పరిశోధకులు చూశారు. తొలినాళ్లలో ఇన్సులిన్ యూనిట్‌ను కొలిచింది కూడా కుందేలు మీద దాని ప్రభావాన్ని బట్టే.

సూది వేళ, సద్ది వేళ

ఈ ప్రాంతంలో చాలామంది వాడేది 30/70 మిశ్రమ ఇన్సులిన్. అందులో 30 పాళ్లు రెగ్యులర్ రకం. అది అరగంటలో పని మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఉధృతంగా ఉంటుంది. మిగతా 70 పాళ్లు ఎన్‌పీహెచ్. నాలుగు గంటలు దాటాక ఊపందుకుని మధ్యాహ్నం మీదుగా సాగుతుంది. పొద్దున ఆరింటికి సూది వేసుకుంటే ఆరున్నరకు తినాలి, మధ్యాహ్నం భోజనం ఆలస్యం కాకూడదు. కుర్చీలో కూర్చుని పనిచేసేవారికి ఇదేమంత కష్టం కాదు. పత్తి ఏరే రోజుల్లో చీకటితోనే ఆటో ఎక్కే కూలీకి మాత్రం కుదరదు. ఇంట్లో సూది వేసుకుని, చాయ్ తాగి, సద్ది కట్టుకుని బయల్దేరితే, చెలకలో మూట విప్పేసరికి పది దాటుతుంది. అప్పటికి రెగ్యులర్ రకం తన పని చేసేసి ఉంటుంది.

దీనికి ఒళ్లు వంచి చేసే పని తోడవుతుంది. పనిచేసే కండరం ఇన్సులిన్ లేకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. పని ఆగాక కూడా ఖర్చయిన నిల్వలను గంటల తరబడి నింపుకుంటూ ఉంటుంది. అందుకే పగలంతా నాట్లు వేసిన మనిషికి అర్ధరాత్రి షుగర్ పడిపోవచ్చు. తొడకు సూది వేసుకుని నడిస్తే మందు మరింత వేగంగా ఎక్కుతుంది కాబట్టి, పనికి వెళ్లే పూట పొట్టకు వేసుకోవడం మేలు. బొంబాయి, పుణె, హైదరాబాద్ కట్టడాల పనులకు వలసపోయే పాలమూరు కూలీలకు తిండి వేళ ఏ రోజుకారోజే మారిపోతుంది. మోతాదు మాత్రం ఊళ్లో డాక్టరు చీటీ మీద రాసిందే.

ఉపవాసాల సంగతీ ఇంతే. శివరాత్రికి పస్తుండి చెర్వుగట్టు శివాలయం గుట్ట ఎక్కినా, రంజాన్ రోజా ఉన్నా, ముందుగా డాక్టరును కలిసి మోతాదు మార్చుకోవాలి. రంజాన్‌పై అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు 70 కంటే తగ్గితే వెంటనే రోజా విడవాలని చెబుతున్నాయి.

సీసా, సిరంజి

మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్లది సాధారణంగా సీసాల్లో, 100 యూనిట్లది ఎక్కువగా పెన్ను కార్ట్రిడ్జ్‌లలో వస్తుంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది. 100 రకం మందును ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 25 యూనిట్లు. షాపులో సిరంజి అడిగేటప్పుడు సీసా కూడా చూపించడమే దీనికి మందు. తెల్లగా మబ్బుగా ఉండే మిశ్రమాన్ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలపకపోతే పూటకో మోతాదు పడుతుంది. ఒకే చోట పొడుస్తూ పోతే చర్మం కింద గడ్డ కడుతుంది. గడ్డలో మందు సరిగ్గా ఎక్కదు. చోటు మార్చిన రోజు పూర్తిగా ఎక్కి షుగర్‌ను పడగొడుతుంది.

ఎండాకాలం చేసే మోసం కూడా ఇలాంటిదే. వేడికి చెడిన ఇన్సులిన్ పనిచేయదు, షుగర్ పెరుగుతుంది, డాక్టరు మోతాదు పెంచుతాడు. ఆ పెంచిన మోతాదును కొత్త సీసాతో వేసుకున్నప్పుడు మనిషి పడిపోతాడు. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుకలో ఉంచిన మట్టికుండ చాలావరకు ఆదుకుంటుంది. పగలూ రాత్రీ 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారే వేడిలో ఇన్సులిన్ నాలుగు వారాలు చెడకుండా ఉందని 2021లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఆ పరిశోధనలో ఎంఎస్‌ఎఫ్ అనే అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం పాలుపంచుకున్నాయి.

గుర్తులు

చేతులు వణుకుతాయి, చల్లటి చెమటలు పడతాయి, గుండె దడ, విపరీతమైన ఆకలి. ఇవి అడ్రినలిన్ పంపే హెచ్చరికలు. ఇంకా దిగితే మెదడుకు గ్లూకోజ్ అందక మాట తడబడుతుంది, మనిషి చిరాకు పడతాడు, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతాడు. ఆ తర్వాత ఫిట్స్, సోయి తప్పడం. ఏళ్ల తరబడి జబ్బున్నవారిలో, తరచూ షుగర్ పడిపోయేవారిలో మొదటి హెచ్చరికలు మాయమవుతాయి. వారికి ఏకంగా సోయే తప్పుతుంది.

అన్నిటికంటే చేటు చేసేది చూసినవాళ్ల పొరపాటు. కల్లు వాడుక బాగా ఉన్న ప్రాంతమిది. తూలుతూ, నోట్లో మాట తిరగని మనిషిని చూసి తాగాడనుకుని చెట్టు కింద పడుకోబెట్టి పోతారు. నిజంగా తాగినా ముప్పు తగ్గదు, పెరుగుతుంది: ఆల్కహాల్ కాలేయాన్ని కొత్త గ్లూకోజ్ తయారుచేయనివ్వదు. అన్నం లేకుండా కల్లు తాగి, రాత్రి సూది వేసుకుని పడుకున్నవారికి తెల్లవారుజామున గండం. ఇన్సులిన్ వాడేవారు తూలుతుంటే తాగారో లేదో తర్వాత చూసుకోవచ్చు, ముందు వేలికొన పొడిచి షుగర్ చూడాలి. మీటరు లేకపోతే చక్కెర ఇవ్వాలి. ఎక్కువున్న షుగర్ ఇంకొంచెం పెరిగితే వెంటనే కొంప మునగదు.

చికిత్స

సోయి ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, లేదా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలకు మళ్లీ షుగర్ చూసి, 70 దాటకపోతే మరోసారి ఇవ్వాలి. దాటాక రొట్టో అన్నమో పెట్టాలి. పాలు, చాక్లెట్ ఈ పనికి రావు. వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు కూడా వేసుకునేవారికి చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే కావాలి.

సోయి లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ పల్లెకు దవాఖానకు మధ్య దూరాన్ని కొంత తగ్గించింది. దవాఖానలో నరానికి డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తే చాలామంది నిమిషాల్లో కళ్లు తెరుస్తారు. కండకు వేసే గ్లూకగాన్ సూదీ పనిచేస్తుంది కానీ, అది కాలేయంలోని గ్లూకోజ్ నిల్వలను బయటికి తెచ్చే మందు కాబట్టి ఆ నిల్వలు అడుగంటినవారికి అక్కరకు రాదు.

కళ్లు తెరిచాడు కదా అని ఇంటికి తీసుకుపోయే తొందర ఇన్సులిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ వంటి మాత్ర వేసుకునేవారి విషయంలో ప్రాణం మీదికి తెస్తుంది. ఆ మాత్ర ఒంట్లో ఉన్నంతసేపు షుగర్ మళ్లీ మళ్లీ పడుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఇన్సులిన్ కూడా త్వరగా బయటికి పోదు. ఇలాంటివారిని కనీసం ఒక రోజు దవాఖానలోనే ఉంచి షుగర్ చూస్తూ ఉంటారు.