మార్చుకోవడానికి వీలున్న పనిముట్టు

వైఫై రూటరు కొనేవాళ్లు చూసేది అట్టపెట్టె మీది అంకెలనే. యాంటెనాలెన్ని, సెకనుకు ఎన్ని మెగాబిట్లు, ధరెంత. లోపల నడుస్తున్న ప్రోగ్రాము ఏమిటి, దాన్ని తీసేసి ఇంకొకటి ఎక్కించుకోవడానికి వీలుందా అని అడిగేవాళ్లు ఎక్కడో గానీ ఉండరు. 2003 నుంచి ఇప్పటివరకు రూటర్లకు జరిగినదంతా వరసగా చూస్తే, పెట్టె ఎన్నేళ్లు పనికొచ్చిందో తేల్చింది యాంటెనాలు కావు, అడగకుండా వదిలేసిన ఆ ప్రశ్నే. ఇది కంప్యూటర్లతో పుట్టిన ప్రశ్న అనుకోనక్కర్లేదు. కొన్న పనిముట్టును మన పనికి తగ్గట్టు మార్చుకోగలమా, లేక అమ్మినవాడు ఇచ్చినట్టే వాడుకోవాలా అన్నది ఎమ్మిగనూరు లాంటి నేత ఊళ్లకు వందేళ్ల కిందటే ఎదురైంది. అప్పుడు వాళ్లు ఎంచుకున్న దారిని చూస్తే ఇప్పటి ఎంపిక సంగతి ఇంకొంచెం స్పష్టంగా తెలుస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఎమ్మిగనూరు బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గానీ ఈ ప్రాంతం కర్నూలు వైపు రాలేదు. నల్లరేగడి పత్తి, ఆదోని బజారు, చుట్టుపక్కల మగ్గాలు, ఇదీ ఇక్కడి వ్యాపారపు గొలుసు. గుంట మగ్గం మీద నేతగాడు నాడెను ఒక చేత్తో విసిరి రెండో చేత్తో అందుకునేవాడు. తాడు లాగితే నాడె తనంతట తానే ఇటునుంచి అటు పరుగెత్తే ఏర్పాటును ఇంగ్లండులో జాన్ కే 1733లోనే కనిపెట్టాడు. అది మన దగ్గర విస్తరించడానికి చాలా కాలం పట్టింది. అల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే అధికారి పూనికతో మద్రాసు ప్రభుత్వం 1906లో సేలంలో ఒక నేత ఫ్యాక్టరీ పెట్టి, మెరుగైన మగ్గాలతో నేతగాళ్లను ఒక కప్పు కింద పని చేయించాలని చూసింది. నేతగాళ్లు అందుకు ఇష్టపడలేదు. నాలుగేళ్లకే అది మూతబడింది. అలాగని వాళ్లు కొత్తదనాన్ని కాదన్నారని అనుకోవడానికి లేదు. ఫ్యాక్టరీని వదిలేసి, నాడెను పరుగెత్తించే కొయ్య చట్రాన్ని మాత్రం తీసుకున్నారు. దాన్ని ఊరి వడ్రంగి చేయగలడు, పాత గుంట మగ్గానికే బిగించుకోవచ్చు, చెడితే విప్పి బాగుచేసుకోవచ్చు. 1942లో చేనేత, మిల్లుల మీద వెలువడిన నిజ నిర్ధారణ కమిటీ నివేదిక నాటికి దేశం మొత్తం మీద ఇలాంటి మగ్గాలు మూడో వంతుకు కాస్త పైన ఉంటే, మద్రాసు రాష్ట్రంలో మాత్రం అవే ఎక్కువ. చేనేత మిల్లు పోటీకి తట్టుకుని నిలవడానికి కారణాలు అనేకం. వాటిలో ఈ ఒక్కటి నాకు ముఖ్యంగా తోస్తుంది: మెరుగుదల పూర్తి యంత్రంగా కాక, పాతదానికి తగిలించుకునే భాగంగా వచ్చింది.

మగ్గం కొయ్య, తాడు కాబట్టి దాన్ని విప్పి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రూటరు అలా కాదు కదా అని ఇక్కడే ఎవరైనా అడ్డుతగలవచ్చు. న్యాయమైన అభ్యంతరమే. రూటరును విప్పితే కనిపించేది చిప్పులు మాత్రమే, పని చేయించే ప్రోగ్రాము కంటికి ఆనదు. మగ్గానికి దాని కొయ్యే ఇచ్చిన సౌలభ్యాన్ని రూటరుకు ఒక లైసెన్సు ఇవ్వాల్సి వచ్చింది. లింక్‌సిస్ కంపెనీ 2002 డిసెంబరులో డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రూటరును విడుదల చేసింది. ఆ మరుసటి ఏడు సిస్కో ఆ కంపెనీని కొనేసింది. కొద్ది నెలలకే ఆ పెట్టెలో నడుస్తున్నది లైనక్స్ అని బయటి ప్రోగ్రామర్లు పసిగట్టారు. లైనక్స్‌కు ఉన్న జీపీఎల్ రెండో కూర్పు లైసెన్సు 1991 నాటిది. ప్రోగ్రామును పంచేవాడు దాని మూలపాఠాన్ని (సోర్స్ కోడ్‌ను) కూడా ఇవ్వాలన్నది అందులోని షరతు. లింక్‌సిస్ సొంతంగా రాసింది తక్కువ, చిప్పు తయారీదారు, వాళ్ల గుత్తేదారు రాసింది ఎక్కువ. లైసెన్సు షరతు ఆ గొలుసు పొడవునా ఎవరికీ పట్టలేదు. ఒత్తిడి పెరిగాక 2003లోనే మూలపాఠం బయటికి వచ్చింది. కంపెనీ ప్రోగ్రాము తీసేసి దాని బదులు ఎక్కించుకోగల ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 2004 జనవరిలో మొదలైంది, అలాంటిదే డీడీ-డబ్ల్యూఆర్‌టీ తర్వాతి ఏడు. ఇళ్లకోసం అమ్మిన చవక పెట్టె రాత్రికి రాత్రే ఆఫీసుల్లో వాడే ఖరీదైన రూటరు పనులు చేయడం మొదలుపెట్టింది. పెట్టె మారలేదు, అందులోకి ఎక్కించిన ప్రోగ్రాము మారింది.

ఆ వెంటనే జరిగిందే రూటరు ఎంచుకునేవాళ్లకు అసలు పాఠం. 2005లో వచ్చిన ఐదో కూర్పు డబ్ల్యూఆర్‌టీ54జీ చూడటానికి అదే నలుపు, నీలం పెట్టె, పేరూ అదే. లోపల మాత్రం లైనక్స్ తీసేసి, మూలపాఠం బయటికివ్వని వీఎక్స్‌వర్క్స్ అనే ప్రోగ్రాము పెట్టారు. శాశ్వత జ్ఞాపకాన్ని 4 మెగాబైట్ల నుంచి 2కు, పని చేసే జ్ఞాపకాన్ని 16 నుంచి 8కి కుదించారు. పేరు చూసి కొన్నవాడికి దక్కింది వేరే వస్తువు. గోల చేసిన వాళ్లకోసం పాత రూపాన్నే డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ పేరుతో ఎక్కువ ధరకు అమ్మారు. అప్పటి నుంచి ఈ విషయం తెలిసినవాళ్లు పెట్టె మీది పేరు కంటే అడుగున అంటించిన కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉండే కూర్పు సంఖ్యను ముందు చదువుతారు. మన బజార్లలో విరివిగా అమ్ముడైన టీపీ-లింక్ డబ్ల్యూఆర్841ఎన్ కథ కూడా ఇలాంటిదే. ఒకే పేరుతో పదికి పైగా కూర్పులు వచ్చాయి. వాటిలో చాలావాటికి 4 మెగాబైట్ల నిల్వ, 32 మెగాబైట్ల జ్ఞాపకమే. లైనక్స్ పెరుగుతూ పోయింది, ఆ పెట్టెలు పెరగలేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07 కూర్పు తర్వాత అంత చిన్న యంత్రాలకు మద్దతు ఆగిపోయింది. కాబట్టి ఇవాళ కొనేవాడు 16 మెగాబైట్ల నిల్వ, 128 మెగాబైట్ల జ్ఞాపకం కంటే తక్కువకు దిగకపోవడం మంచిది. చిప్పు విషయంలో వైఫై డ్రైవరు మూలపాఠం అందరికీ అందుబాటులో ఉన్న మీడియాటెక్ లాంటి వాటిని ఎంచుకోవాలి. బ్రాడ్‌కామ్ వైఫై చిప్పులున్న పెట్టెలు ఎంత మెరిసినా, డ్రైవర్ల మూలపాఠం చేతికి రాక చాలామందిని విసిగించాయి.

సాంకేతికం కాని అభ్యంతరం ఒకటుంది, నిజానికి అదే బలమైనది. వైఫై తరంగాలు నలుగురివీ. ఒకడు తన మగ్గాన్ని ఎలా మార్చుకున్నా పక్కింటివాడి బట్ట చెడదు, రూటరు బలాన్ని హద్దు మీరి పెంచితే పక్కింటివాడి వైఫై చెడుతుంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో అనుమతించారు. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 605 మెగాహెర్ట్జ్ కలిపారు. రెండింటికీ బలం మీద పరిమితులున్నాయి. ఇలా హద్దు మీరతారన్న భయంతోనే అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 5 గిగాహెర్ట్జ్ పరికరాలకు గట్టి నిబంధనలు తెచ్చింది. తరంగాల విభాగాన్ని మాత్రమే కట్టడి చేసే శ్రమ ఎందుకని, టీపీ-లింక్ 2016లో అక్కడ అమ్మే రూటర్ల ప్రోగ్రాము మొత్తానికే తాళం వేసింది. అదే ఏడు ఆగస్టులో, తరంగబలం నిబంధనలు దాటినందుకు ఆ కంపెనీ 2 లక్షల డాలర్లు కట్టి రాజీకి వచ్చింది. ఆ రాజీలోనే, ఇతరుల ప్రోగ్రాములు తన రూటర్లలో నడిచేలా చిప్పు తయారీదారులతోనూ, ఓపెన్ సోర్స్ వాళ్లతోనూ కలిసి పనిచేస్తానని కూడా ఒప్పుకుంది. అంటే హద్దు కాపాడటమూ, పెట్టెను తెరిచి ఉంచడమూ ఒకదానికొకటి అడ్డు కాదని నియంత్రణ సంస్థే అంగీకరించినట్టు.

మామూలు మనిషికి ఇదంతా ఎందుకు, కంపెనీ ఇచ్చింది పనిచేస్తే చాలదా అనేవాళ్లూ ఉంటారు. కంపెనీ ఇచ్చింది ఎంతకాలం పనిచేస్తుందన్నదే చిక్కు. 2017 జులైలో దక్షిణాదిన బీఎస్‌ఎన్‌ఎల్ వినియోగదారుల మోడెములు వేల సంఖ్యలో ఒక దాడికి గురై మొరాయించాయి. తయారైన నాటి రహస్యపదాన్ని మార్చకపోవడం అందుకు కారణం. దానికి కొత్త ప్రోగ్రామేమీ అక్కర్లేదు, రహస్యపదం మారిస్తే సరిపోయేదే, అది ఒప్పుకోవాలి. 2018 మేలో బయటపడ్డ వీపీఎన్‌ఫిల్టర్ అనే హానికర ప్రోగ్రాము సంగతి వేరు. 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లోకి అది చొరబడింది. దాని బారిన పడ్డవాటిలో ఎక్కువ భాగం తెలిసిన లోపాలను దిద్దుకోని పాత యంత్రాలు. తయారీదారు చేతులు దులుపుకున్నాక లోపాన్ని దిద్దేవాడు ఇంకొకడుంటే ఆ యంత్రం ఇంకొన్నేళ్లు నిలబడుతుంది. వాడేవాళ్లలో నూటికి తొంభైతొమ్మిది మంది స్వయంగా ప్రోగ్రాము మార్చకపోయినా ఫర్వాలేదు. నేతగాళ్లంతా వడ్రంగులు కారు, ఊళ్లో ఒక వడ్రంగి ఉంటే చాలింది. కొత్త ప్రోగ్రాము ఎక్కిస్తూ మధ్యలో కరెంటు పోతే పెట్టె పనికిరాకుండా పోయే ప్రమాదం మాత్రం నిజమే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్లే 2024 నవంబరులో 89 డాలర్లకు తెచ్చిన సొంత రూటరులో, చెరిగిపోకుండా కాపాడిన రెండో నిల్వను అందుకోసమే పెట్టారు.

పడమటి కర్నూలు ఊళ్లలో అయితే సమస్య ఇంకో రూపంలో ఉంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి ఇస్తామంటూ కరెంటు స్తంభాల మీదుగా వచ్చింది. ఇంటికి చేర్చేది స్థానిక కేబుల్ ఆపరేటరు. గోడకు తగిలించే పెట్టెను ఎంచుకునేది ఇంటివాళ్లు కారు. దాని వెనక సొంత రూటరు పెట్టుకోవచ్చు, దానికి ఖర్చూ ఓపికా ఉండాలి. ఇక్కడ మళ్లీ ఎమ్మిగనూరు వైపే చూడాలి. వడ్రంగి చట్రం మగ్గాన్ని బాగుచేసింది గానీ నేతగాడి బేరాన్ని బాగుచేయలేదు. నూలు అప్పుగా ఇచ్చి బట్ట తీసుకునే షావుకారు ముందు ఒక్కో మగ్గమూ ఒంటరిదే. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టాక నూలు కలిసి కొనడం, బట్ట కలిసి అమ్మడం సాధ్యమైంది. పనిముట్టు మీద పట్టు మనిషి మనిషికీ ఉన్నా, కొనుగోలు మీద పట్టు గుంపుకే వచ్చింది. రూటర్ల విషయంలో ఆ గుంపు స్థానంలో ఉన్నది వేలల్లో పెట్టెలు కొనే ఫైబర్‌నెట్, కేబుల్ ఆపరేటర్ల సంఘాలు. 2005 నుంచి తెలుగులో లైనక్స్ కోసం పనిచేస్తున్న స్వేచ్ఛ లాంటి సంస్థలు ఇన్నాళ్లూ బల్ల మీది కంప్యూటరు మీదే దృష్టి పెట్టాయనిపిస్తుంది. గోడ మీది పెట్టెను పట్టించుకునే పని అవీ చేపట్టవచ్చు. టెండరు పత్రంలో మూడు షరతులు రాయడానికి చట్టం మార్చనక్కర్లేదు: జీపీఎల్ ప్రకారం రావాల్సిన మూలపాఠాన్ని పెట్టెతోపాటే ఇవ్వాలి, లోపలి చిప్పులు మారితే పేరూ మారాలి, తయారీదారు మద్దతు ఆగిన రోజున తాళం తీసే పద్ధతి చెప్పాలి. వీటిలో మూలపాఠం ఇవ్వడమన్నది ఎటూ కంపెనీలు చేసి తీరాల్సిందే. అది చేయలేదన్న కారణంతోనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008 డిసెంబరులో సిస్కో మీద దావా వేసింది. మరుసటి మేలో సిస్కో రాజీకి వచ్చి, లైసెన్సు సంగతి చూసుకోవడానికి ఒక అధికారిని నియమించడానికి ఒప్పుకుంది.