పీపాకి నంబరుంది, మనుషుల పేర్లేవీ?



మన సన్నీబ్యాంక్ మీదుగా పోయే రైలు లైనుని బీన్లీ లైను అంటాం కదా. రోజూ ఆ పేరు చూస్తూనే నేనూ ఆఫీసుకి పోతుంటాను. ఆ బీన్లీ దగ్గర, ఆల్బర్ట్ నది ఒడ్డున, 1884 నుంచి ఒక రమ్ము డిస్టిలరీ ఉంది. రేడియోలో తాగుడు కబుర్లేమిటని పెద్దలు కోప్పడకండి. నేను చెప్పబోయేది చెరకు కథ.

1869లో వాల్రస్ అనే ఓడలో చెరకు గానుగ, రమ్ము కాచే బట్టీ పెట్టుకుని లోగన్, ఆల్బర్ట్ నదుల మీద తోట తోటకీ తిరిగేవారట. మన ఊళ్లకి వరికోత మిషను వచ్చినట్టన్నమాట. ఓడ మూలపడ్డాక ఆ బట్టీ ఒడ్డుకి చేరి డేవీ, గూడింగ్ అనే తోట యజమానుల చేతికొచ్చిందని చెప్పుకుంటారు. చెరకు మడ్డిని పులియబెట్టి, కాచి, కొయ్య పీపాల్లో నిలవ చేస్తారు. కనీసం రెండేళ్లు పీపాలో ఉంటేనే ఇక్కడి చట్టం దాన్ని రమ్ము అంటుంది.

స్కాట్లాండులో విస్కీకి ఒక పాత ఆనవాయితీ ఉంది. అబర్డీన్‌లో 1842లో మొదలైన కేడెన్‌హెడ్, ఎల్గిన్‌లో 1895లో మొదలైన గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ వంటి వ్యాపారులు డిస్టిలరీల దగ్గర పీపాలు కొని, తమ పేరుతో సీసాల్లో నింపేవారు. ఒకే పీపాలోని సరుకుని వేరేదానితో కలపకుండా అమ్మడం అలా పేరు తెచ్చుకుంది. ఇప్పుడు రమ్ముకీ అది పాకింది. బీన్లీ రమ్ము కూడా ఇలా బయటి వ్యాపారుల పేర్లతో దొరుకుతోంది. అలాంటి సీసాల మీద ఏ ఏడు కాచారో, పీపా నంబరెంతో, మొత్తం ఎన్ని సీసాలయ్యాయో రాస్తారు.

కంప్యూటరు పని చేసేవాణ్ణి, ఇంత శుభ్రమైన రికార్డు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ చెరకు నరికినవాళ్ల సంగతి?

1863లో డాన్ జువాన్ అనే ఓడ పసిఫిక్ దీవుల నుంచి 67 మందిని బ్రిస్బేన్ తెచ్చింది. లోగన్ ప్రాంతంలో రాబర్ట్ టౌన్స్ పత్తి తోటకోసం వాళ్లని రప్పించారు. తర్వాత 1904 దాకా సుమారు 62 వేల మందిని క్వీన్స్‌లాండ్‌కి తెచ్చారు, ఎక్కువమందిని చెరకు తోటలకే. కొందరిని మోసగించి, కొందరిని ఎత్తుకొచ్చి. చాలామందికి సొంత పేర్లు పోయి యజమానులు పెట్టిన పేర్లే మిగిలాయి. ఎందరి సమాధుల మీదా రాయి కూడా లేదు. 1901 చట్టంతో మిగిలినవాళ్లలో చాలామందిని తిరిగి పంపేశారు.

ఇందులో మనకేం పని అంటారా? క్వీన్స్‌లాండ్‌లో మిల్లులున్న సిడ్నీ చక్కెర కంపెనీ సీఎస్ఆర్, ఫిజీలోనూ మిల్లులు నడిపింది. 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవులో ఓడెక్కి ఆ ఫిజీ తోటలకి వెళ్లిన కూలీల్లో మన తెలుగువాళ్లు బోలెడుమంది. వాళ్లది కొంత అదృష్టం. ఒక్కొక్కరికీ ఎమిగ్రేషన్ పాస్ రాశారు: పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా. దొరగారి గుమాస్తా రాత కాబట్టి స్పెల్లింగులు చిత్రంగా ఉంటాయి గానీ, ఊరైతే పట్టుకోవచ్చు. ఆ పాస్‌లు ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఫిజీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ కార్యక్రమం వింటుంటే ఒక్క మాట. మీ తాతముత్తాతల పాస్ నకలు ఇంట్లో ఉంటే పిల్లలకి చూపించండి. లేకపోతే తెప్పించుకుని, ఆ ఊరి పేరు తెలుగులో రాసిపెట్టండి. పీపాకి ఉన్నపాటి చరిత్ర మనిషికీ ఉండాలి కదా.

సెలవు.