విశాఖకు విద్యుత్తు వచ్చిన దారి

విశాఖపట్నము ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున మరపడవలు రొయ్యలను, వంజరములను దింపుచుండును. రోజుల తరబడి సముద్రముపై వేటాడు ఈ పడవలకు డీజిలు ఎంత అవసరమో మంచుగడ్డయు అంత అవసరము. మంచు తయారుచేయు యంత్రములు రేయింబవళ్లు నడువవలెను. విద్యుత్తు ఆగినచో మంచు తగ్గును. మంచు తగ్గినచో చేప చెడును. చేప చెడినచో పడవవాని శ్రమ వృథా యగును. ఈ యంత్రములను నడుపు శక్తి విశాఖ తీరమునకు ఎట్లు చేరినదో పరిశీలింతము.

1933లో విశాఖలో ఓడరేవు ప్రారంభమైనది. 1948లో ఇక్కడి నౌకానిర్మాణ కేంద్రమునుండి 'జల ఉష' నీటిలోనికి దిగినది. పరిశ్రమలు పెరుగనున్నవని అప్పటికే స్పష్టమైనది. శక్తి మాత్రము తీరమున లేదు. తూర్పు కనుమలలో, డుడుమ జలపాతము వద్ద ఉన్నది. ఆ నదికి మాచ్‌ఖండ్ అని పేరు. చేపల మడుగు అని దాని అర్థము. మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వములు ఉమ్మడిగా చేపట్టిన ఈ పథకములో మద్రాసు వాటా 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు సంక్రమించినది. 1955 ఆగస్టులో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ విద్యుత్కేంద్రమును ప్రారంభించినారు. ఆరు యంత్రములు పూర్తియైన పిమ్మట దాని శక్తి సుమారు 115 మెగావాట్లు. జలాపుట్ జలాశయము క్రింద మునిగిన గ్రామములను విడిచిపోయిన గిరిజనుల త్యాగము కూడ ఈ వెలుగులో ఉన్నదని మరువరాదు.

కొండలలో పుట్టిన శక్తిని మైదానమునకు తెచ్చుటెట్లు? తీగలో ప్రవాహము హెచ్చినకొలది తీగ వేడెక్కును. ప్రవాహము రెట్టింపైనచో నష్టము నాలుగు రెట్లగును. 60,000 కిలోవాట్లను మూడు దశల పద్ధతిలో 11 కిలోవోల్టుల వద్ద పంపవలెనన్న సుమారు 3,150 ఆంపియరులు పారవలెను. ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజిని 132 కిలోవోల్టులకు పెంచినచో 262 ఆంపియరులు చాలును. ప్రవాహము పండ్రెండవ వంతైనది. అదే తీగలో నష్టము 144వ వంతైనది. మాచ్‌ఖండ్ శక్తి 132 కిలోవోల్టుల తీగలపై కొండలు దిగివచ్చుటకు కారణమిదే.

1957లో చమురుశుద్ధి కర్మాగారము, 1967లో ఎరువుల కర్మాగారము వెలసినవి. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు, మాచ్‌ఖండ్ నీటినే దిగువన మరల వాడుకొన్నది. అక్కడ ఆ నదికి సీలేరు అని పేరు. ఎగువ సీలేరు కేంద్రము 1960ల చివర, 460 మెగావాట్ల దిగువ సీలేరు కేంద్రము 1970లలో పనిచేయ మొదలిడినవి. తీగలు 220 కిలోవోల్టులకు, పిదప 400 కిలోవోల్టులకు ఎదిగినవి. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమునకు సొంత విద్యుత్కేంద్రమున్నను, బయటి వలతో సంబంధము తప్పలేదు.

1990లలో చిత్రమైన చిక్కు ఏర్పడినది. తూర్పు రాష్ట్రముల వలలో శక్తి మిగులుచుండెను. దక్షిణ వలలో కొరత. ఒకచోట పౌనఃపున్యము 50 హెర్ట్‌జ్‌లను మించుచుండగా, మరొకచోట తగ్గుచుండెను. అడుగు కలియని రెండు ఎద్దులను ఒకే కాడికి కట్టరాదు గదా! అందుచే గాజువాకలో ఒక కేంద్రమును నిర్మించినారు. అది తూర్పునుండి వచ్చు ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చి, వెంటనే దక్షిణ వల అడుగుకు సరిపడు ఏకాంతర విద్యుత్తుగా తిరిగి మార్చును. 500 మెగావాట్ల మొదటి భాగము 1999లో, అంతే శక్తిగల రెండవది 2005లో సిద్ధమైనవి. ఇంతలో 2002 నుండి సింహాద్రి థర్మల్ కేంద్రము నగరము చెంతనే శక్తిని ఉత్పత్తి చేయసాగినది. 2012 నాటికి దాని శక్తి 2,000 మెగావాట్లు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు తీగతో దక్షిణ వల దేశపు వలతో అడుగు కలిపినది.

అయినను సముద్రతీరమున శత్రువులు వేరు. ఉప్పుగాలి పింగాణి నిరోధకములపై పొరగా పేరుకొనును. రాత్రి మంచుకు తడిసిన ఆ పొర విద్యుద్వాహకమై నిప్పురవ్వలు లేచును. అందుచే వాటిని కడుగుచుండవలెను. అంతకు మించినది తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 170–180 కిలోమీటర్ల గాలితో విశాఖను తాకినది. వేలకొలది స్తంభములు నేలకూలినవి. హార్బరులో పడవలు మునిగినవి. నగరము రోజులకొలది చీకటిలో ఉండెను. దూరమున విద్యుత్తు ఎంత ఉన్నను, చివరి తీగ తెగినచో దీపము వెలుగదని ఆ తుపాను బోధించినది.

పిమ్మట ప్రపంచ బ్యాంకు సహాయముతో నగరములో అనేక తీగలను భూగర్భ కేబుళ్లుగా మార్చు పని చేపట్టినారు. వాటికి ఖర్చెక్కువ; లోపము ఎక్కడనో కనుగొనుటయు కష్టము. కాని గాలికి అవి తెగవు. ఒక ప్రాంతపు విద్యుత్తు వలను పెంచుట యనగా ఎక్కువ శక్తిని తెచ్చుట మాత్రమే కాదు. అది అవసరమైన వేళ చివరి ఇంటికి, చివరి యంత్రమునకు చేరునట్లు చూచుట.