వైర్‌లెస్ బ్రిడ్జ్

ఈథర్నెట్ పోర్టు ఉండి వై-ఫై లేని పరికరాన్ని ఇంటి వైర్‌లెస్ నెట్‌వర్కుకు కలిపే పెట్టె. 2001 నాటి ఎక్స్‌బాక్స్, 2004లో వచ్చిన పలుచని ప్లేస్టేషన్ 2 గేమ్ కన్సోళ్లు ఇలాంటి పరికరాలే. వై-ఫై పేరు, పాస్‌వర్డ్ బ్రిడ్జ్‌లోనే నమోదు చేసి, దాన్నుంచి కన్సోల్‌కు పొట్టి కేబుల్ వేస్తే చాలు; కన్సోల్‌కు గాలిలో జరిగే సంగతే తెలియదు. క్లయింట్ మోడ్ (మరో వై-ఫైకి తానే కనెక్టయ్యే పద్ధతి) ఉన్న పాత రూటరూ ఈ పని చేస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ ఇంటర్నెట్ తీగలు కరెంటు స్తంభాల మీదుగా ఇళ్లకు వచ్చాయి. కానీ ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం వైపు మందపాటి రాతి గోడల పాత ఇళ్లలో వై-ఫై సిగ్నల్ పక్క గదికే నీరసిస్తుంది. బ్రిడ్జ్‌ను గుమ్మానికి ఎదురుగా పెట్టడం మేలు. వీలైతే నేరుగా తీగ లాగడమే ఉత్తమం.

తొలి ఎక్స్‌బాక్స్ ఆన్‌లైన్ సేవ 2010 ఏప్రిల్ 15న ఆగిపోయింది. దానికోసమే బ్రిడ్జ్ కొనడం దండగ.