తెర మీద ఆదివాసి: టోంటో నుంచి ‘రిజర్వేషన్ డాగ్స్’ దాకా

మన చరిత్ర అనగానే భూమి, అడవి, పోరాటాలు గుర్తొస్తాయి. టీవీ గుర్తురాదు. కాని బయటి జనంలో చాలామంది ఆదివాసిని మొదట చూసేది గూడెంలో కాదు, తెర మీద. లోకం తమ గురించి ఏమనుకుంటుందో మన పిల్లలు తెలుసుకునేదీ అక్కడే. అందుకే అమెరికా ఆదివాసుల టీవీ చరిత్ర మనకూ పనికొస్తుంది.

1949 నుంచి 1957 వరకు అక్కడ ‘ది లోన్ రేంజర్’ అనే సీరియల్ నడిచింది. ముసుగు తొడిగిన తెల్లవీరుడు కథానాయకుడు. అతని వెంట తిరిగే ఆదివాసి టోంటో. ఆలోచన తెల్లవాడిది, చాకిరీ టోంటోది. మాట్లాడేది విరిగిన ఇంగ్లీషు. ఆ పాత్ర వేసిన జే సిల్వర్‌హీల్స్ కెనడాకు చెందిన మోహాక్ తెగవాడు. మనిషి ఆదివాసే గాని అతని నోట్లో మాటలు వేరేవాళ్లవి. 1960ల్లో ఆయనే లాస్ ఏంజిలిస్‌లో ఆదివాసులకు నటన నేర్పే శిక్షణ కేంద్రం పెట్టించాడు.

1971లో చెత్త వేయవద్దని చెప్పే ప్రకటన ఒకటి వచ్చింది. ఈక పెట్టుకున్న ఆదివాసి పడవ దిగి, చెత్తను చూసి కన్నీరు కారుస్తాడు. ఆ కన్నీరు దేశమంతా తెలుసు. ఆ నటుడు ఐరన్ ఐస్ కోడీ అసలు ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ల కొడుకు.

ఇలాంటి బొమ్మల మధ్య పెరిగిన తరం నుంచే రచయితలు వచ్చారు. వారిలో ఒకరు స్టెర్లిన్ హార్జో. ఓక్లహోమాకు చెందిన సెమినోల్, మస్కోగీ మూలాల మనిషి. న్యూజిలాండ్ మావోరీ దర్శకుడు తైకా వైటిటితో కలిసి 2021లో ‘రిజర్వేషన్ డాగ్స్’ సీరియల్ మొదలుపెట్టాడు. రచయితలు, దర్శకులు అందరూ ఆదివాసులే. షూటింగ్ కూడా ఓక్లహోమాలోనే. 2023 దాకా మూడు సీజన్లు వచ్చాయి.

అందులో గుర్రం మీద ఒక వీరుడి ఆత్మ వస్తుంది, అచ్చం పాత సినిమాల్లోలాగే. 1876 నాటి లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో ఉన్నానంటుంది. తీరా వింటే, గుర్రం కాలు బొరియలో పడి, అది మీద పడి చచ్చిపోయాడు పాపం. చూసేవాళ్లు పడిపడి నవ్వుతారు. ఏళ్ల తరబడి అబద్ధపు వీరులను చూసినవాడే ఇలా రాయగలడు. చూసిన చెడ్డ బొమ్మ కూడా రచయితకు పనిముట్టయింది.

మూడో సీజన్లో మరో కథ ఉంది. పిల్లలను ఇళ్ల నుంచి లాక్కెళ్లి పెట్టిన బోర్డింగ్ బడి కథ. అక్కడి సన్యాసినులు మాట్లాడే ఇంగ్లీషు మనకు అర్థంకాని గోలగా వినిపిస్తుంది. ఆ పిల్లలకు ఎలా వినిపించిందో మనకూ అలాగే వినిపించారు. ఆశ్రమ పాఠశాలల్లో ఒకటో తరగతి చెప్పే మనకు ఇది కొత్త సంగతి కాదు. సవరో, కువియో, గోండియో మాత్రమే తెలిసిన బిడ్డకు మొదటి రోజు తెలుగు కూడా అంతే.

మరి తెలుగు తెర మీద మనం ఎలా ఉన్నాం? చాలాకాలం ఎముకల దండ, ఈకలు, అర్థంలేని కేకలు. కోయ, చెంచు, కొండరెడ్డి అన్న తేడా లేదు. గోండుల గుస్సాడి వేషంలో నెమలీకల తలపాగా ఉన్నమాట నిజమే. అది దీపావళి కాలంలో, దండారి రోజుల్లో, నియమంతో ధరించేది. కాలం తీసేసి, నియమం తీసేసి, ఈకలు మాత్రం ఉంచితే అది మన వేషం కాదు.

కాబట్టి పిల్లలను టీవీ చూడొద్దని కసిరితే సరిపోదు. చూస్తూ అడగడం నేర్పాలి. ఈ మాటలు ఎవరు రాశారు? నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారు? మనవాడు నవ్విస్తున్నాడా, నవ్వులపాలవుతున్నాడా? అడగడం వచ్చిన పిల్లలకు రాయడమూ వస్తుంది. సంతలో బేరమో, అవ్వతో తగవో, ముందు ఒక్క సన్నివేశం తమ భాషలో రాయించండి. అక్షరాలు తెలుగువైనా పరవాలేదు, మాట మనదైతే చాలు.