మరమనిషియు వెట్టియు

‘రోబో’ యను మాట మన నగరమున నేడు పిల్లవాండ్రకును తెలియును. 2010లో రజనీకాంతు చిత్రము తెలుగున ఆ పేరుతోనే వచ్చినది. కాని ఆ మాట పుట్టుక నెఱిగినవారు తక్కువ. చెకు రచయిత కారెల్ చాపెక్ నాటకము 1921 జనవరిలో ప్రాగునగరమున ప్రదర్శింపబడెను. అందలి కృత్రిమ మానవులకు ఆ పేరు సూచించినవాడు అతని యన్న జోసెఫ్. చెకు భాషలో ‘రోబొత’ యనగా దొరకు రైతు ఊరక చేయవలసిన నిర్బంధపు చాకిరి. మనకు దీనిని నిఘంటువు చూచి తెలిసికొన నక్కఱలేదు, అది వెట్టి.

ఆ యేడే నవంబరులో హైదరాబాదున ఆంధ్ర జనసంఘము వెలసినది. సభలో తెలుగున మాటలాడబోయిన వక్తకు జరిగిన యవమానము దాని పుట్టుకకు హేతువు. పిమ్మట నా సంఘమే వెట్టిచాకిరికి విరోధముగ ప్రచారము సాగించినది. ప్రాగులో కృత్రిమ దాసులు రంగస్థలముపై తిరుగబడుచుండగా, తెలంగాణమున నిజమైన మనుష్యులు గడీలలో నీళ్లు మోయుచుండిరి.

2017 నవంబరు 28న హైదరాబాదున జరిగిన ప్రపంచ వ్యాపారుల సదస్సును భారత ప్రధానియు ఇవాంకా ట్రంపును ‘మిత్ర’ యను మరమనిషి మీది మీట నొక్కి ప్రారంభించిరి. 2018 ఫిబ్రవరిలో ‘సోఫియా’ వచ్చి ఇచటి వేదికపై సంభాషించినది. అంతకుముందే సౌదీ అరేబియా దానికి పౌరసత్వ మొసగియుండెను! మెచ్చినవారు మెచ్చిరి, జంకినవారు జంకిరి. మా పండితమిత్రులు కొందఱు, ఇదియంతయు భోజరాజు ‘సమరాంగణ సూత్రధారము’న నున్నదే యనిరి. ఉన్నమాట నిజమే; కొయ్య ద్వారపాలకుల ప్రసక్తి యందు కలదు. కాని కూర్పువిధానమును రహస్యముకొఱకు దాచితినని భోజుడే చెప్పుకొనెను. దాచిన విద్య నశించినదని వగవవలసిన చోట గర్వించుట మాకు రుచింపలేదు.

ఆ దినములలో నొక సాయంకాలము ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి తార్నాకకు నడచి, చాయ కొట్టుకడ నిలిచితిమి. ఇంజనీరింగు విద్యార్థి యొకడు, “సార్, ఇవి వచ్చినాక మాకు నౌకరీలు మిగుల్తయా?” యని యడిగెను. మేము బదులు వెదకుకొనుచుండగా, ప్రక్కన చాయ త్రాగుచున్న మురుగుకాలువల కూలివాడు కలుగజేసికొని, “గది మోరీల దిగుతదా సార్?” అనెను. యంత్రరక్షణలు లేక మనుష్యుని అందులోనికి దింపరాదని 2013లో చట్టము వచ్చినది. చావులు మాత్రము ఆగలేదు.

విద్యార్థి మాటాడలేదు. మిత్రకు కాళ్లు లేవు, చక్రములే. అతిథులకు స్వాగతము పలుకుట దాని పనియని చెప్పితిమి. అతడు గ్లాసు దించి, పనికి వేళయైనదని లేచిపోయెను.